ఆసుపత్రి కంప్యూటర్లు సమాచారం పంచుకోవాలంటే: ఏ వైద్య కోడ్లు, ఏ మ్యాపింగ్ పద్ధతి ఎంచుకోవాలి?

మధుమేహం వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్న ఒక రోగి గుంటూరులోని ఆసుపత్రిలో చికిత్స పొంది, కొన్నాళ్ళకు హైదరాబాదులో నెఫ్రాలజిస్టు దగ్గరికి వెళ్ళాడనుకుందాం. గుంటూరు వైద్యుడు డిశ్చార్జి సమ్మరీలో "డీఎం విత్ నెఫ్రోపతీ" (మధుమేహం, దానితో మూత్రపిండాల జబ్బు) అని రాశారు. అక్కడి ల్యాబు మూత్రపిండాల పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్ ఫలితాన్ని తన సొంత టెస్టు నంబరుతో దాచుకుంది. బీమా క్లెయిములు పంపే విభాగం అదే జబ్బుకు ఐసీడీ-10 (ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ) కోడ్ వేసింది. ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకం కింద చికిత్స చేసి ఉంటే ఆ పథకం ప్యాకేజీ కోడ్ ఇంకొకటి. ఈ కాగితాలన్నీ ఆభా నంబరు (రోగి డిజిటల్ ఆరోగ్య గుర్తింపు సంఖ్య) ద్వారా హైదరాబాదు వైద్యుడి తెర మీదికి రావచ్చు, ఆయన కళ్ళతో చదువుకోవడానికి సరిపోవచ్చు. కానీ క్రియాటినిన్ నెలనెలా ఎలా మారిందో గ్రాఫు గీసి చూపించాలన్నా, మూత్రపిండాలకు హాని చేసే నొప్పి మాత్ర రాయబోతుంటే హెచ్చరించాలన్నా, ఈ రాతల్లో ఏది ఏ జబ్బు గురించినదో, ఏది ఏ పరీక్ష గురించినదో అక్కడి కంప్యూటరుకు తెలియాలి. ఆ తెలివిని ఇచ్చేది పరిభాషల (వైద్య పదాలకు కోడ్లిచ్చే జాబితాల) మధ్య వేసే మ్యాప్, అంటే ఒక జాబితాలోని కోడ్ మరొక జాబితాలో దేనికి సరిపోతుందో చెప్పే పట్టిక.

ఈ వ్యాసం ఆసుపత్రికి సాఫ్ట్‌వేర్ కొనబోతున్నవారి కోసం, ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారి కోసం, ల్యాబులు, మెడికల్ రికార్డుల విభాగాలు నడిపేవారి కోసం. "అన్నింటికంటే మంచి కోడ్ ఏది" అని అడిగితే సమాధానం దొరకదు. "ఈ కోడ్‌ను రేపు ఎవరు చదువుతారు, చదివి ఏమి నిర్ణయిస్తారు" అని అడిగితే దొరుకుతుంది. నా సలహా ముందే చెబుతాను. రోగి దగ్గర రాసేది వీలైనంత సూక్ష్మమైన పరిభాషలో ఉండాలి. బయటికి పంపే వర్గీకరణ కోడ్‌ను దానినుంచే రాబట్టాలి. మ్యాప్‌ను ఎన్నడూ వెనక్కు నడపకూడదు, అంటే వర్గీకరణ కోడ్ నుంచి సూక్ష్మమైన కోడ్‌ను రాబట్టకూడదు. వైద్యుడు రాసిన అసలు మాటలను ఎట్టి పరిస్థితిలోనూ చెరపకూడదు.

స్నోమెడ్ సీటీయా, ఐసీడీయా

చాలా సమావేశాల్లో ఈ రెండింటినీ పోటీదారులుగా నిలబెట్టి చర్చిస్తారు. అవి రెండు వేర్వేరు పనులకు పుట్టినవి. ఐసీడీ మూలం 1893లో బెర్టిలాన్ రూపొందించిన మరణకారణాల జాబితా. దేశాలు మరణాలనూ జబ్బులనూ ఒకే తీరున లెక్కపెట్టుకోవడానికి అది పెరుగుతూ వచ్చింది. ఐసీడీ-10ను ప్రపంచ ఆరోగ్య సభ 1990లో ఆమోదించింది. 2019లో ఆమోదం పొందిన ఐసీడీ-11 2022 జనవరి 1న అమలులోకి వచ్చింది. లెక్కకు ముఖ్యమైన నియమం, ప్రతి కేసూ ఒకే గడిలో పడాలి, ఏ కేసూ బయట మిగలకూడదు. అందుకే ఐసీడీలో "ఇతరములు", "నిర్దిష్టంగా చెప్పనివి" అనే గడులు అన్ని ఉంటాయి.

స్నోమెడ్ సీటీ 2002లో అమెరికా పాథాలజిస్టుల కళాశాల వారి స్నోమెడ్ ఆర్‌టీ, బ్రిటన్ ఎన్‌హెచ్‌ఎస్ వారి క్లినికల్ టెర్మ్స్ కలిసి ఏర్పడింది. వైద్యుడు చెప్పదలచుకున్నది చెప్పినట్టుగా నమోదు చేయడం దాని ఉద్దేశం. అందులో మూడున్నర లక్షలకు పైగా భావనలు ఉన్నాయి, వాటి మధ్య సంబంధాలు కూడా నమోదై ఉన్నాయి. టైప్-2 మధుమేహానికి 44054006, మధుమేహం అనే విస్తృత భావనకు 73211009. మొదటిది రెండవదానిలో ఒక రకమని కంప్యూటరుకు తెలుసు కాబట్టి, మధుమేహ రోగులందరినీ చూపించమంటే టైప్-2 అని రాసినవారిని విడిగా అడగకుండానే చూపిస్తుంది. భారత్ 2014లో స్నోమెడ్‌ను నిర్వహించే అంతర్జాతీయ సంస్థలో (నేటి స్నోమెడ్ ఇంటర్నేషనల్) సభ్యదేశమైంది, అందువల్ల మన దేశంలో దీని వాడకానికి రుసుము లేదు. పుణె సీడాక్‌లోని జాతీయ ఈహెచ్ఆర్ (ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డు) ప్రమాణాల వనరుల కేంద్రం, అంటే ఎన్ఆర్‌సీఈఎస్, ఇక్కడి బాధ్యతలు చూస్తుంది.

తేడా ఎక్కడ నొప్పి పెడుతుందో మన రోగి విషయంలోనే చూడవచ్చు. వైద్యుడు "డీఎం" అని మాత్రమే రాసి, ఏ రకమో చెప్పకపోతే, నిజాయితీగా వేయవలసిన ఐసీడీ-10 కోడ్ ఇ14.2, టైప్-2 అని రాసి ఉంటే ఇ11.2. వయసు చూసి, మాత్రలు చూసి, "టైప్-2 అయి ఉంటుందిలే" అని కోడ్ వేసేవారు ఇ11 ఎంచుకుంటే, వైద్యుడు చెప్పని మాటను రికార్డులో చేర్చినట్టవుతుంది. ఇక ఇ11.2ను తీసుకుని వెనక్కు, స్నోమెడ్ వైపు వెళ్ళబోతే దారి మూసుకుపోతుంది. ఆ ఒక్క గడిలో డయాబెటిక్ నెఫ్రోపతీతో పాటు కిమ్మెల్‌స్టీల్-విల్సన్ సిండ్రోమ్ అనే మరో మూత్రపిండాల సమస్య కూడా ఉంది. సోనా మసూరి, హంస, దొడ్డు బియ్యం ఒకే బస్తాలో పోసి కలిపాక మళ్ళీ ఏ గింజకు ఆ గింజ ఏరలేం. ఐసీడీ కోడ్ మాత్రమే దాచుకున్న ఆసుపత్రి పదేళ్ళ తరువాత తన సొంత రికార్డుల విషయంలో సరిగ్గా ఆ స్థితిలోనే ఉంటుంది.

క్షయ ఉదాహరణ ఇంకా స్పష్టమైనది. స్నోమెడ్‌లో ఊపిరితిత్తుల క్షయకు 154283005 అనే భావన ఉంది. కఫ పరీక్షలో తేలిందా లేదా అన్న సంగతి అందులో లేదు. ఐసీడీ-10 శ్వాసకోశ క్షయను సూక్ష్మజీవి పరీక్షలో గానీ కణజాల పరీక్షలో గానీ నిర్ధారణ అయితే ఏ15 కింద, కాకపోతే ఏ16 కింద పెడుతుంది. జబ్బు పేరును మాత్రమే చూసి ఈ రెంటిలో ఒకటి ఎంచుకోవడం సాధ్యం కాదు, ల్యాబు ఫలితం కూడా చూడాలి. ఒక కోడ్ ఎదురుగా మరొక కోడ్ రాసిన రెండు నిలువు వరుసల ఎక్సెల్ షీటును మ్యాప్ అని చూపించే అమ్మకందారును నేను ఎందుకు నమ్మనో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది. స్నోమెడ్ ఇంటర్నేషనల్ ప్రచురించే ఐసీడీ-10 మ్యాప్‌లో ఒక్కో భావనకు ఒకటికి మించిన వరుసలు ఉండవచ్చు. రోగి స్త్రీయా పురుషుడా, జబ్బు ఏ వయసులో మొదలైంది వంటి షరతులు, వాటిని ఏ క్రమంలో పరిశీలించాలన్న సంఖ్య, కోడ్ వేసేవారికి సూచన, అన్నీ అందులో ఉంటాయి. ఈ మ్యాప్ ఉండగా సొంతంగా మొదటినుంచీ మరొకటి వేసుకోవడానికి కారణం నాకు కనబడదు. దానిని తీసుకుని, మీ దగ్గర ఎక్కువగా వచ్చే జబ్బుల వరకు మీ వైద్యులతో సరిచూయించుకుంటే చాలు.

ఇక్కడ హైదరాబాదుకు సంబంధించిన ఒక జాగ్రత్త చెప్పాలి. అమెరికా బీమా సంస్థల కోసం పనిచేసే మెడికల్ కోడింగ్ సంస్థలు నగరంలో చాలా ఉన్నాయి, అక్కడ శిక్షణ పొందిన నిపుణులు మన ఆసుపత్రులకు కూడా వస్తున్నారు. వారికి అలవాటైనది అమెరికా 2015 అక్టోబరు 1 నుంచి వాడుతున్న ఐసీడీ-10-సీఎం. డయాబెటిక్ నెఫ్రోపతీకి అందులో ఇ11.21 ఉంటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ మూల ఐసీడీ-10లో ఇ11.2 దగ్గరే ఆగుతుంది. ఏ ఐసీడీయో రికార్డులో పేర్కొనకపోతే అవతలి సిస్టం ఆ కోడ్‌ను తిరస్కరించవచ్చు, లేదా చివరి అంకె కత్తిరించి తీసుకోవచ్చు. ప్రతి కోడ్ పక్కన ఏ పరిభాష, ఏ వెర్షన్ అన్నది తప్పనిసరిగా దాచే సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకోండి.

ల్యాబు పరీక్షలకు లాయింక్

పరీక్షల విషయంలో ఎంపిక తేలిక, అమలు కష్టం. అమెరికాలోని రీజెన్‌స్ట్రీఫ్ సంస్థ 1994లో ప్రారంభించిన పరీక్షల పరిభాష లాయింక్‌ను ఎక్కడైనా ఉచితంగా వాడుకోవచ్చు. ల్యాబు ఫలితాల మార్పిడికి దానికి దీటైన ప్రత్యామ్నాయం లేదు. దేనిని కొలుస్తున్నాం, ఏ లక్షణాన్ని, ఏ సమయానికి, ఏ నమూనాలో, ఏ తరహా ఫలితంగా, ఏ పద్ధతిలో అనే ఆరు అంశాలతో ఒక్కో కోడ్ ఏర్పడుతుంది.

కష్టం మన ల్యాబు పేర్ల దగ్గర వస్తుంది. సీరం లేదా ప్లాస్మాలో గ్లూకోజును డెసిలీటరుకు మిల్లీగ్రాములలో చెబితే 2345-7. పరగడుపున తీసిన నమూనా అయితే 1558-6. అదే గ్లూకోజును లీటరుకు మిల్లీమోల్స్‌లో చెబితే 14749-6. ల్యాబు జాబితాలో "బ్లడ్ షుగర్" అని మాత్రమే ఉంటే ఏది ఎంచుకోవాలో పేరు చెప్పదు. పరగడుపున 126 మిల్లీగ్రాములు అంటే 7 మిల్లీమోల్స్. యూనిట్ లేకుండా ప్రయాణించిన "7" అనే అంకె అవతలి తెర మీద ప్రాణాంతకమైన తక్కువ షుగరులా కనిపిస్తుంది. గల్ఫ్ దేశాలలోనో బ్రిటన్‌లోనో పరీక్షలు చేయించుకుని సొంత ఊరికి వచ్చేవారి రిపోర్టులు చూసే ఆసుపత్రులలో ఈ చిక్కు నిజంగానే ఎదురుకావచ్చు.

మరొకటి, మన రెండు రాష్ట్రాలలో సీబీపీ అని రాసే పరీక్షను ఇతర చోట్ల సీబీసీ అనీ, హీమోగ్రామ్ అనీ రాస్తారు. సీయూఈని యూరిన్ రొటీన్ అంటారు. పేర్లను జతచేస్తే పని అయిపోదు. ఒక ల్యాబు సీబీపీలో స్మియర్ పరీక్ష (రక్తపు బొట్టును మైక్రోస్కోపుతో చూడడం) కలిసి ఉంటుంది, మరొక ల్యాబులో ఉండదు. అందుకని ప్యానెల్ (కొన్ని కొలతలు కలిపిన పరీక్ష) పేరుకు కోడ్ వేసి ఊరుకోకుండా, లోపలి ఒక్కో కొలతకు, అంటే హీమోగ్లోబిన్‌కు 718-7, ఇలా విడివిడిగా మ్యాప్ వేయాలి. ఈ పనిని సాఫ్ట్‌వేర్ కంపెనీకి వదిలేయకండి. ఏ యంత్రం మీద, ఏ పద్ధతిలో, ఏ నమూనాతో చేస్తున్నారో తెలిసినవారు ల్యాబు టెక్నీషియన్, బయోకెమిస్టు. ఎక్కువగా జరిగే పరీక్షలతో మొదలుపెడితే రోజువారీ ఫలితాలలో పెద్ద భాగానికి త్వరగానే కోడ్లు వచ్చేస్తాయి.

మందుల గురించి క్లుప్తంగా చెబుతాను. అమెరికా మందుల పరిభాష ఆర్‌ఎక్స్‌నార్మ్ అక్కడి మార్కెట్ కోసం తయారైంది; మన పారాసిటమాల్ అందులో ఎసెటమినోఫెన్ పేరుతో ఉంటుంది, మన బ్రాండ్లు ఉండవు. మందులను వర్గాలుగా విభజించే ఏటీసీ కోడ్లు మందుల వినియోగాన్ని లెక్కవేయడానికి బాగుంటాయి కానీ, డోలో 650, క్రోసిన్ 500 రెండూ ఒకే ఏటీసీ కోడ్ కిందికి వస్తాయి కాబట్టి ప్రిస్క్రిప్షన్‌కు చాలవు. భారతీయ మందుల కోసం ఎన్ఆర్‌సీఈఎస్ స్నోమెడ్‌కు అనుబంధంగా విడుదల చేసే డ్రగ్ ఎక్స్‌టెన్షన్‌ను ముందుగా చూడడం మంచిది.

మ్యాప్‌ను ఏ ఆకృతిలో వేయాలి

మొదటి పద్ధతి, అవసరం వచ్చినప్పుడల్లా రెండు సిస్టంల మధ్య నేరుగా మ్యాప్ వేసుకోవడం. ఒకే ఒక్క బీమా సంస్థకు పంపాలంటే ఇది చవక, తొందరగా అయిపోతుంది. ఆరు సిస్టంలు పరస్పరం సమాచారం ఇచ్చిపుచ్చుకోవాలంటే మాత్రం ఒక్కో దిశకు ఒకటి చొప్పున ముప్పై మ్యాపులు కావాలి. ఏడవది చేరితే మరో పన్నెండు.

రెండవ పద్ధతి, మధ్యలో ఒక ఉమ్మడి పరిభాషను పెట్టుకుని అందరూ దానికే మ్యాప్ వేసుకోవడం. అప్పుడు ఆరు సిస్టంలకు పన్నెండు చాలు, ఏడవదానికి రెండు. దీనికి ఒక లోపం ఉంది: సమాచారం రెండు అడుగులు వేస్తుంది, ఒక్కో అడుగులో కొంత అర్థం జారిపోవచ్చు. మధ్యనున్నది స్థూలమైనదైతే జారిపోయేది ఎక్కువ. అందుకే మధ్యలో ఐసీడీని పెట్టడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. జబ్బులకు, లక్షణాలకు స్నోమెడ్, పరీక్షలకు లాయింక్ పెట్టుకుంటే ఆ నష్టం తక్కువగా ఉంటుంది.

మూడవది అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1986లో మొదలుపెట్టిన యూఎంఎల్‌ఎస్. ఎన్నో పరిభాషలలోని పదాలను ఒకే అర్థం కింద చేర్చి ఉమ్మడి గుర్తింపు సంఖ్య ఇస్తుంది. వెతకడానికి, సూచనలు రాబట్టడానికి ఇది గొప్ప వనరు. దాని లైసెన్సుకు డబ్బు కట్టనక్కరలేదు, కానీ అందులోని ఒక్కో పరిభాషకు విడి షరతులు ఉంటాయి. ఒకే సంఖ్య కింద ఉన్నాయన్న కారణంతో రోగి రికార్డులో ఒక కోడ్ స్థానంలో మరొకటి పెట్టడం మాత్రం సరికాదు, ఎందుకంటే అది ఏ ఒక్క ప్రయోజనాన్నీ దృష్టిలో పెట్టుకుని వేసిన మ్యాప్ కాదు.

పరిశోధన కోసమైతే వేర్వేరు చోట్ల రికార్డులను ఒకే నమూనాలోకి మార్చే ఓమాప్ పద్ధతి ఉంది. జబ్బులను స్నోమెడ్‌కు, మందులను ఆర్‌ఎక్స్‌నార్మ్ కుటుంబానికి, పరీక్షలను ఎక్కువగా లాయింక్‌కు మార్చి, మూల కోడ్‌ను పక్క గడిలో అలాగే ఉంచుతుంది. ఆ చివరి లక్షణాన్ని చికిత్స కోసం వాడే సాఫ్ట్‌వేర్లు కూడా నేర్చుకోవాలి.

ఆకృతి ఏదైనా, మ్యాప్‌ను ఆరోగ్య సమాచార మార్పిడికి వాడే ఫైర్ ప్రమాణంలోని కాన్సెప్ట్‌మ్యాప్ రూపంలో దాచుకోవడం మేలు. ఒక కోడ్‌కు మరొకటి సమానమా, విస్తృతమా, సంకుచితమా, జోడీ లేనే లేదా అన్న మాటను అందులో స్పష్టంగా రాయవచ్చు. మన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ప్రొఫైళ్ళు (సమాచారం ఏ రూపంలో ఉండాలో చెప్పే నమూనాలు) ఫైర్ ఆర్4 వెర్షన్ మీద ఆధారపడి ఉన్నాయి. ఆర్4లో "వైడర్" అంటే గమ్యంగా ఉన్న కోడ్ మూలంకంటే విస్తృతమైనదని అర్థం. దీనిని తిరగవేసి చదువుకునే పొరపాటు సులభం, అందుకే తరువాతి వెర్షన్ ఆర్5లో ఏది దేనికంటే విస్తృతమో పేరులోనే వచ్చేలా మార్చారు. మీ బృందంలో ఇద్దరికి మ్యాప్‌లోని ఒకే వరుస ఇచ్చి అర్థం చెప్పమని అడగండి. సమాధానాలు కలిస్తేనే ముందుకు సాగండి.

ఎవరికి ఏది

ఒకరిద్దరు వైద్యులుండే క్లినిక్ సొంతంగా మ్యాప్ వేసుకోనక్కరలేదు. టైపు చేస్తుండగా స్నోమెడ్ పదాలను చూపించి, ఎంచుకున్న కోడ్‌తో పాటు వైద్యుడి మాటలను కూడా దాచే సాఫ్ట్‌వేర్ చాలు. వంద, రెండు వందల పడకల ఆసుపత్రి స్నోమెడ్‌ను మధ్యలో పెట్టుకుని, ఐసీడీ-10ను ప్రచురిత మ్యాప్ ద్వారా రాబట్టుకుని, మెడికల్ రికార్డుల విభాగం దానిని సరిచూసే ఏర్పాటు చేసుకోవాలి. ఆరోగ్యశ్రీ, పీఎంజేఏవై (కేంద్ర ఆరోగ్య బీమా పథకం) ప్యాకేజీ కోడ్లను జబ్బుల కోడ్లుగా భావించవద్దు. అవి చెల్లింపు కోసం చికిత్సలకు పెట్టిన పేర్లు. ఒక ప్యాకేజీ కింద వేర్వేరు జబ్బులు రావచ్చు కాబట్టి వాటిని జబ్బు గడిలో కాక విడి గడిలో ఉంచాలి. స్నోమెడ్ కోడ్లను వెతికి ఇచ్చే సర్వరుగా స్నోమెడ్ ఇంటర్నేషనల్ వారి ఓపెన్ సోర్స్ స్నోస్టార్మ్ ఉంది, సీడాక్ కూడా తన టూల్‌కిట్ ఇస్తుంది. ఖర్చు ప్రధానంగా మనుషుల సమయానిదే.

ఆయుర్వేద, సిద్ధ, యునానీ వైద్యశాలలకు దారి వేరు. అక్కడ నమస్తే పోర్టల్ (ఆయుష్ మంత్రిత్వ శాఖ వారి సంప్రదాయ వైద్య కోడ్ల వేదిక) కోడ్లు మొదట రావాలి. 2024 జనవరిలో ఢిల్లీలో విడుదలైన ఐసీడీ-11 సంప్రదాయ వైద్య రెండవ మాడ్యూల్‌తో వాటిని జతచేయవచ్చు. ఆయుర్వేద రోగనిర్ణయాన్ని అల్లోపతి జబ్బు పేరుతో సమానమని రాసే మ్యాప్ వైద్యపరంగా నిలబడదు. రెండు రోగనిర్ణయాలనూ పక్కపక్కన నమోదు చేయడమే సరైన పని.

యంత్రం సూచించవచ్చు, సంతకం మనిషిదే

భాషా నమూనాలు, పదసామ్యం చూసే పరికరాలు ఇప్పుడు వేల పదాలకు క్షణాల్లో సూచనలు ఇస్తున్నాయి. మొదటి వడపోతకు వాటిని వాడమనే చెబుతాను. అవి తడబడే చోట్లు మాత్రం రోగికి ప్రమాదకరమైన చోట్లే. గుండె విభాగంలో "ఎంఎస్" అంటే మైట్రల్ స్టినోసిస్, న్యూరాలజీలో మల్టిపుల్ స్క్లిరోసిస్. "జ్వరం లేదు" అన్న మాట జ్వరం కోడ్‌గా మారకూడదు. "తండ్రికి గుండెపోటు" అన్నది రోగి గుండెపోటుగా మారకూడదు. "డెంగీ అనుమానం" నిర్ధారణ కాకూడదు. కాబట్టి ప్రతి వరుసనూ ఇద్దరు ఒకరిది మరొకరు చూడకుండా వేయడం, తేడా వచ్చినచోట వైద్యుడు తీర్పు చెప్పడం, ఆ తీర్పు కారణాన్ని నమోదు చేయడం అన్న క్రమాన్ని తగ్గించకండి. మ్యాప్ నాణ్యతను అంచనా వేయడానికి ఐఎస్ఓ 21564 అనే సాంకేతిక నిర్దేశం 2019 నుంచి ఉంది. కొనేముందు అమ్మకందారుకు దానిని చూపించి ప్రశ్నలు అడగవచ్చు.

మ్యాప్ ఒకసారి వేసి వదిలేసేది కాదు. స్నోమెడ్ అంతర్జాతీయ విడుదల 2022 నుంచి నెలనెలా వస్తోంది, లాయింక్ ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఐసీడీ-10లో డెంగీకి ఒకప్పుడు ఏ90, ఏ91 ఉండేవి. తరువాతి సవరణలో వాటి స్థానంలో ఏ97 వచ్చింది. పాత మ్యాప్‌తో నడిచే ఆసుపత్రి, కొత్తదానితో నడిచే జిల్లా కార్యాలయం డెంగీ కేసుల లెక్క కలుపుకోబోతే కొన్ని కేసులు ఎవరి పట్టికలోనూ కనబడకుండా పోతాయి. వెర్షన్ మారినప్పుడు ఏ వరుసలు ప్రభావితమయ్యాయో జాబితా ఇచ్చే బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోవాలి.

ఒప్పందంలో మూడు షరతులు రాయించుకోండి: మీ ఆసుపత్రి కోసం వేసిన మ్యాప్ మీ సొత్తుగా ఉండాలి, అడిగినప్పుడు దానిని కాన్సెప్ట్‌మ్యాప్ ఫైలుగా, వెర్షన్ వివరాలతో సహా ఇవ్వాలి, వైద్యుడి మూల వాక్యం, ఎంచుకున్న కోడ్, రాబట్టిన కోడ్ మూడూ రికార్డులో విడివిడి గడుల్లో ఉండాలి. మూడవ షరతుకు అమ్మకందారు వెనకాడితే, మిగతా సౌకర్యాలు ఎంత బాగున్నా మరొకరిని చూసుకోండి.